చిన్నబిడ్డల దేహరక్షణ బోధ

చిన్నతరగతుల బిడ్డలకు తమ దేహమును తాము కాపాడుకొను విధమును బడిలో బోధింపవలెనా యను ప్రశ్న మన పట్టణపు తలిదండ్రులలో తరచుగా వినవచ్చుచున్నది. అభము శుభము నెఱుగని పసివారికి ఈ మాటలేల, లేని తలంపును మనమే పుట్టించినవారము కామా యని కొందఱు తల్లులు నొచ్చుకొనుచున్నారు. ఆ నొప్పిని మేము తేలికగా చూచుటలేదు. బిడ్డల నిర్మలత్వముపై గల గౌరవమే దానికి మూలము. అయినను ఈ బోధ చేయవలసినదే యనియు, కతోలిక పాఠశాలలో దానిని ఎక్కడినుండియో తెచ్చిన పరాయి పాఠముగా గాక జ్ఞానోపదేశమునందలి మాటలతోనే చేయవచ్చుననియు మా యభిప్రాయము.

విశాఖపట్టణము భద్రత యను మాటను నిత్యము వినుచుండు పట్టణము. 1933లో ఓడలకు తెఱవబడిన మన రేవులో, పైలటు ఎక్కి దారి చూపనిదే పెద్ద యోడ ఇరుకు కాలువ దాటి లోనికి రాదు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారములో హెల్మెట్టు లేక పనిలోనికి దిగరాదు. ఏటేట మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినమని కార్మికులచే ప్రతిజ్ఞ చేయింతురు. కొలిమి కాల్చునని చెప్పుటవలన కార్మికుడు కొలిమిని ద్వేషించునని గాని, పనికి వెఱచునని గాని యెవ్వరును అనరు. ఆ కార్మికుడే ఇంటికి వచ్చి, తన యైదేండ్ల కుమార్తెకు చెప్పదగిన జాగ్రత్తలలో ఒక్కటియు చెప్పక, “చీకటి పడినది, బూచివాడు వచ్చును, వాకిలి దాటకుము” అనుటతో సరిపుచ్చును.

ఈ బూచివాని సంగతి కొంచెము విచారింపదగినది. మన కథలలో వాడు ఊరి వెలుపలివాడు, ముఖ మెఱుగనివాడు, భుజమున గోనెసంచి గలవాడు. కీడు చేయువాడు అట్లే యుండునని మనము బిడ్డకు నేర్పుచున్నాము. నిజము వేఱు. భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 2007లో ప్రకటించిన యధ్యయనమునకై 13 రాష్ట్రములందలి 12,447 మంది బిడ్డలను ప్రశ్నించిరి; వానిలో ఆంధ్రప్రదేశ మొకటి. నూటికి 53 మందికి పైగా తాము ఏదో యొక విధమైన లైంగిక దుశ్చేష్టకు గుఱియైతిమని చెప్పిరి. కీడు చేసినవారిలో సుమారు సగముమంది బిడ్డ యెఱిగినవారు, బిడ్డ నమ్మదగిన స్థానమున నున్నవారు. పెక్కుమంది బిడ్డలు ఆ సంగతిని ఎవ్వరితోను చెప్పియుండలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దలు ఊఱక యనలేదు. గోనెసంచి కొఱకు చూచుచు కూర్చున్న బిడ్డకు, మిఠాయి పొట్లముతో వచ్చు పరిచితునియందు అపాయము తోచునా?

మగపిల్లల తల్లులకు మఱొక మాట. ఆ యధ్యయనమున కీడు పొందితిమని చెప్పినవారిలో సగమునకు మించి మగపిల్లలే. “మగపిల్లవానికేమి భయము” అను మాట ఇకనైన మానవలెను.

మన పట్టణపు జీవనవిధానమును ఇందుకు తోడైనది. గాజువాక, ఉక్కునగరము ప్రాంతములలో తండ్రికి ఒక వారము ఉదయపు షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. తల్లియు ఉద్యోగము చేయునదైనచో బిడ్డ బడి విడిచిన పిదప పొరుగింట నుండును. జాలరిపేటలలో తెల్లవారకమునుపే తల్లులు గంపలెత్తుకొని రేవునకు పోవుదురు. బడికి ఆటోలో పోవుట, ట్యూషను వేఱొక వీధిలో, నాట్యమో ఈతయో మఱొకచోట. ఒక్క దినములో ఒక్క బిడ్డ ఐదాఱుగురు పెద్దల చేతులు మాఱుచున్నది. కూటికొఱకు పాటుపడు కుటుంబములకు వేఱు దారి లేదు గనుక ఇందు తప్పు పట్టవలసినది లేదు. బిడ్డలను కన్నబిడ్డలవలె దించి, ఇంటి తలుపు తెఱచువఱకు వీధిలో నిలిచి చూచు ఆటోవారిని మేమెఱుగుదుము. అయితే ఆ యైదాఱుగురును బిడ్డకు మామయ్యలే, బాబాయిలే, అంకుళ్లే. వరుస కలుపక పిలుచుట మన తెలుగువారికి అమర్యాద. ఆటో నడుపువాడు మామయ్య, పాలు పోయువాడు తాత, మేడమీదివారి కుమారుడు అన్నయ్య. మనుష్యులను దగ్గర చేయు ఈ గుణము మన భాషకు అలంకారమే. వరుస కలిసినంతనే హక్కును కలిసినదని మాత్రము బిడ్డ యనుకొనరాదు.

మఱి బోధ నెక్కడ నారంభింపవలెను? దేహమునందే. దేహము నీచమైనదనియు, దానిని గుఱించి పలుకుటయే పాపమనియు చెప్పుట కతోలిక బోధ కాదు. దేవుడు సృజించినది, దేవకుమారుడు ధరించినది, కడపటి దినమున లేపబడవలసినది ఈ దేహమే. అర్చ్యశిష్ట పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో దానిని పవిత్రాత్మ వసించు ఆలయముగా నెంచెను. ఆలయమునకు ప్రాకారమున్నది, ద్వారమున్నది, అందఱును అడుగిడరాని స్థలమున్నది. ఈ మాట నాలుగేండ్ల బిడ్డకు సైతము బోధపడును. డిసెంబరు 8వ తేదీన రాస్ కొండపై దేవమాత పండుగకు పోయిన బిడ్డ, పీఠము దగ్గఱకు జనమంతయు ఎక్కరని కన్నులార చూచియే యుండును. ప్రక్క కొండలపైని దర్గాకును, వేంకటేశ్వరుని గుడికిని పోవు మన బడిపిల్లలకును ఈ మర్యాద క్రొత్తది కాదు. “నీ దేహము గుడివంటిది, అందు అందఱు చేయి వేయరాదు” అని చెప్పినచో, ఏ మతపు బిడ్డయైనను వెంటనే గ్రహించును.

తిరుసభ బిడ్డను తాకు సమయములను ఒక్కసారి తలంచి చూడుడు. జ్ఞానస్నానమున నుదుట సిలువగుర్తు, శిరస్సుపై నీరు, పిదప తైలము. ఇవి యన్నియు తలిదండ్రులు, జ్ఞానతలిదండ్రులు చూచుచుండగా, వత్తులు వెలుగుచుండగా జరుగును. బిడ్డను ఒంటరిగా గదిలోనికి కొనిపోయి తాకవలెనని చెప్పు సంస్కారము తిరుసభలో ఒక్కటియు లేదు. బిడ్డకు నేర్పవలసిన కొలత ఇదియే యని మాకు తోచుచున్నది: అమ్మ యెదుట చేయలేనిది, “అమ్మతో చెప్పకు” అని చెప్పి చేయునది, ఎవరు చేసినను తగని స్పర్శ. వైద్యుడు చూడవలసి వచ్చినప్పుడు అమ్మయో నాన్నయో ప్రక్కన నుందురు; ఆ భేదమును బిడ్డ సులువుగానే తెలిసికొనును.

ఇచ్చట తెలుగు తల్లులకొక చిక్కు గలదు. కన్ను, ముక్కు, మోకాలు అని ముద్దుగా నేర్పిన తల్లి, లోదుస్తులు కప్పు భాగముల కడకు వచ్చునప్పటికి మౌనము వహించును. వానికి మన భాషలో ఒకవంక నిఘంటువులోని సంస్కృత పదము, మఱొకవంక వీధితిట్టు. నడుమ నింటిలో పలుకదగిన మాట కఱవు. పేరు లేనిచోట కీడు జరిగిన బిడ్డ దానిని ఏమని చెప్పును? కడుపు నొప్పి యనును. బడికి పోనని యేడ్చును. కారణము తెలియక తల్లి రెండు దెబ్బలు వేయును. స్నానము చేయించునపుడు, సిగ్గు చూపక, ఏదో యొక మాటను వాడుకలోనికి తెచ్చిన చాలును. ఆ మాట ఏదైనను సరియే, ఇంటివారికిని ఉపాధ్యాయినికిని అర్థము కావలెను, పలుకుటకు బిడ్డ జంకకుండవలెను.

ముద్దుల విషయమును ఇట్టిదే. పండుగనాడు చుట్టములు వచ్చినప్పుడు “మామయ్యకు ముద్దు పెట్టు, లేకున్న మామయ్యకు కోపము వచ్చును” అని బిడ్డను ముందుకు త్రోయుట మన యిండ్లలో వేడుక. బిడ్డ వద్దని తల్లి కొంగు చాటునకు పోయిన, పొగరు అందురు, పెంపకమును ఆక్షేపింతురు. మేమందుమా, చేతులు జోడించి నమస్కరించుట మన దేశపు మర్యాద; దానితో ఏ చుట్టమైనను తృప్తి పడవలెను. తన యిష్టము లేనిదే తన చెక్కిలిని తాకరాదని మూడేండ్లప్పుడు ఇంటిలో నేర్చిన బిడ్డయే, ఏడేండ్లప్పుడు వేఱొకచోట “వద్దు” అని గట్టిగా అనగలదు. ఇంటిలో నూఱుసార్లు ఆ మాటను త్రోసిపుచ్చి, బడిలో ఒక్కనాడు దానిని వల్లె వేయించిన ప్రయోజన మేమి?

పెద్దలమాట చద్దిమూట యని బిడ్డలకు నేర్పుచుందుము. దేవుని నాలుగవ యాజ్ఞయు తలిదండ్రులను సన్మానింపుమని చెప్పుచున్నది. వినయమునకు హాని కలుగునేమోయని కొందఱు ఉపాధ్యాయులు జంకుటకు ఇది కారణము. కాని తిరుసభ నేర్పు విధేయతకు మేర గలదు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథములో, ఒక యాజ్ఞను పాటించుట ధర్మవిరుద్ధమని బిడ్డ మనస్సాక్షికి నిశ్చయముగా తోచినచో దానిని పాటింపరాదని స్పష్టముగా నున్నది. ఇంతకంటె బలమైన సాక్ష్యము దానియేలు గ్రంథపు 13వ అధ్యాయమున నున్న సూసన్న చరిత్రము. కతోలిక బైబులులో నున్న ఈ యధ్యాయము మన తరగతులలో వినబడుట మిక్కిలి అరుదు. సూసన్నకు కీడు తలపెట్టినవారు దొంగలు కారు, పరదేశులు కారు. ప్రజలు గౌరవించు పెద్దలు, న్యాయాధిపతులు. తోటలో దాగి, ఆమె ఒంటరిగా నున్నప్పుడు బయటికి వచ్చి, తమ మాట వినకున్న అబద్ధసాక్ష్యము చెప్పుదుమని బెదరించిరి. ఆమె బిగ్గఱగా కేక వేసెను. సభవారు పెద్దలను పెద్దలగుటచేతనే నమ్మి ఆమెకు మరణదండన విధించిరి. అప్పుడు దానియేలు, ఇంకను చిన్నవాడు, ఆ పెద్దలను వేఱు వేఱుగా ప్రశ్నింపవలెననెను. ఏ చెట్టు క్రింద చూచితిరని యడుగగా ఒకడొక చెట్టు పేరును, మఱొకడు మఱొక చెట్టు పేరును చెప్పి దొరకిపోయిరి. బెదరింపు, ఏకాంతము, కేక, నమ్మని సభ, ఓపికతో విచారించిన యొక్కడు: ఈ పాఠమునకు కావలసినదంతయు అందున్నది. చిన్నబిడ్డలకు తగినట్లు తగ్గించి చెప్పుట ఉపాధ్యాయుని నేర్పు.

రహస్యమును గుఱించిన పాఠము కతోలిక బిడ్డలకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పాపసంకీర్తన రహస్యము అతిక్రమింపరానిదని వారికి నేర్పుదుము. ఆ ముద్ర గురువు నోటికి వేసినది. సంకీర్తనము చేసిన బిడ్డ నోటికి కాదు. అచట గురువు ఏమి యడిగెనో, ఏమి చెప్పెనో బిడ్డ తన తల్లితో చెప్పవచ్చును; అందు పాపములేదు. మొదటి సంకీర్తనకు సిద్ధపఱచు జ్ఞానోపదేశకులు ఈ ముక్క మఱవరాదు. సంకీర్తనపీఠమునకు జల్లెడవంటి అడ్డుతెర యేల గలదని బిడ్డలు అడుగుచుందురు. 16వ శతాబ్దమున మిలాను అగ్రపీఠాధిపతి అర్చ్యశిష్ట చార్లెసు బొరోమియో ఇట్టి పీఠములను తన మేత్రాసనమున నెలకొల్పెను. నేటి తిరుసభ చట్టమును, బహిరంగస్థలమున, గురువునకును సంకీర్తకునకును నడుమ స్థిరమైన జల్లెడ గల పీఠము లుండవలెనని విధించుచున్నది. పుణ్యాత్ముడైన గురువును అనుమానించి యెవ్వరును దానిని పెట్టలేదు. గురువునకును సంకీర్తకునకును మేలు కలుగుటకై పెట్టిరి. నాలుగువందల యేండ్ల క్రిందటనే వడ్రంగిచేత చెక్కించిన యీ జాగ్రత్తను నేడు నోటితో చెప్పుటకు జంకుట వింతగా నున్నది.

ఇందే ఇంకొక సూక్ష్మమున్నది. తనకు ఒకరు చేసిన కీడును బిడ్డ తన పాపముగా నెంచి సంకీర్తనములో చెప్పుకొనవచ్చును. ఆత్మశోధన ప్రశ్నలలో శుచిత్వమును గుఱించి “ఒంటరిగాగాని ఇతరులతోగాని చేసితినా” యను తీరు గలదు. కీడు పొందిన పసిహృదయము దానికి అవునని తల వంచును. ఆ మాట విన్న గురువు దానిని వెలిబుచ్చలేడు, పోలీసులకు చెప్పలేడు, తల్లికి సైతము చెప్పలేడు. కావున “నీకు ఒకరు చేసినది నీ పాపము కాదు, దానిని సంకీర్తనములో చెప్పి యూరకుండక, బయట నమ్మినవారితోను చెప్పవలెను” అని ముందుగానే నేర్పుట యవసరము.

అర్చ్యశిష్ట మరియ గొరెట్టి కథను ఈ సందర్భమున తలంపక తప్పదు. ఇటలీలో 1902 జూలైలో, పండ్రెండేండ్లు నిండకమునుపే, తన్ను చెఱుప జూచినవాని కత్తిపోట్లకు ప్రాణము విడిచిన బాలిక ఆమె. 1950లో పన్నెండవ పయసు పోపుగారు ఆమెను అర్చ్యశిష్టురాలిగా ప్రకటించిరి. ఆమె శుచిత్వమును, హంతకుని క్షమించుటను మనము చెప్పుదుము, చెప్పవలసినదే. కాని ఆ హంతకుడు పరాయివాడు కాడనియు, అదే యింటి కప్పు క్రింద నివసించిన పరిచితుడనియు, అంతకుముందే వాడు ఆమెను బాధించి, తల్లితో చెప్పిన చంపుదునని బెదరింపగా ఆమె నోరు మెదపలేదనియు చెప్పుట మఱచుచున్నాము. తండ్రి చనిపోయి, తల్లి పొలము పనికి పోవుచు, ఇంటిపని యంతయు ఆ పసిదాని మీద పడియుండెను. ఆ బాలిక నాడే తల్లితో చెప్పగలిగినచో ఏమగునో తరగతిలో నడిగి చూడుడు. బిడ్డలే మనకు పాఠము చెప్పుదురు.

ఆ కథను చెప్పుటలో ఇంకొక జాగ్రత్తయు వలయును. ప్రాణమిచ్చియైనను శుచిత్వము కాపాడుకొనెనని విన్న బిడ్డలలో, ఎదిరింపలేకపోయిన బిడ్డ యొకతె కూర్చుండి యుండవచ్చును. తాను చెడిపోయితినని ఆమె యనుకొనిన ఆ పాపము చెప్పినవారిది. 410లో రోమునగరము కొల్లగొట్టబడినపుడు బలాత్కారమునకు గుఱియైన స్త్రీలను గుఱించి అర్చ్యశిష్ట అగుస్తీను తన దైవనగర గ్రంథపు మొదటి భాగముననే వాదించెను: మనస్సు సమ్మతింపనిచో పరుని దుష్కార్యమువలన శుచిత్వము పోదని. మన వీధులలో ఇప్పటికిని “పరువు పోయినది” అని బిడ్డను మూలను కూర్చుండబెట్టు తలిదండ్రులకు ఈ మాట తెలియజేయవలెను.

ఇక నిర్మలత్వమును గుఱించిన యాక్షేపణ. కుటుంబ విషయములకై యేర్పడిన పోపుగారి సభవారు 1995లో వెలువరించిన పత్రములో, సుమారు ఐదవయేటినుండి యౌవనారంభము వఱకు గల నిర్మలకాలమును అనవసరపు వివరములతో కలతపెట్టరాదనియు, ఈ విషయములలో తలిదండ్రులే మొదటి గురువులనియు చెప్పిరి. ఆ మాటతో మేము పూర్తిగా ఏకీభవించుచున్నాము. అయితే దాంపత్య రహస్యమును బోధించుట వేఱు. “ఇచ్చట తాకనీయకు, కేకవేయుము, పరుగెత్తుము, వచ్చి చెప్పుము” అనుట వేఱు. ఈతరాని బిడ్డకు సముద్రపు లోతు కొలతలు చెప్పనక్కఱలేదు. ఆర్కే బీచిలో అలకు వెన్ను చూపరాదని చెప్పక తీరదు. ఏడేండ్ల వయస్సు సరిపోదందురా? పదవ పయసు పోపుగారు 1910లో, సుమారు ఏడేండ్ల బిడ్డ దివ్యసత్ప్రసాదమునకును సామాన్యమైన రొట్టెకును గల భేదము తెలిసికొనగలదని నిర్ణయించిరి. అంతటి భేదమును గ్రహించు బిడ్డ, మంచి చేతికిని చెడ్డ చేతికిని గల భేదమును గ్రహింపజాలదా?

చట్టము విషయమున దీర్ఘముగా వ్రాయము. తెలియవలసినది మాత్రము చెప్పెదము. 2012లో చేయబడి ఆ యేటి నవంబరు 14న అమలునకు వచ్చిన పోక్సో చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలురను బాలికలను సమానముగా రక్షించును. కీడు జరిగినదని తెలిసిన ఏ వ్యక్తియైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆఱు మాసములవఱకును, తన క్రిందివాడు చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఏడాదివఱకును శిక్ష గలదు. బిడ్డను ఠాణాకు ఈడ్వనక్కఱలేదు; సాధ్యమైనంతవఱకు స్త్రీ యధికారిణియే, యూనిఫారము లేక, ఇంటికి వచ్చి వాఙ్మూలము వ్రాసికొనవలెను. బిడ్డ పేరు పత్రికలలో రాగూడదు. 1098 అను సంఖ్యకు బిడ్డయే ఫోను చేయవచ్చును. బడిగోడపై ఆ నాలుగంకెలను, బిడ్డ కంటికి అందునంత ఎత్తున, పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. కార్యాలయపు గోడపై, ఫైళ్ల బీరువా వెనుక వ్రాసిన లాభములేదు.

బిడ్డ వచ్చి చెప్పినప్పుడు పెద్దలు చేయవలసినది స్వల్పము. నమ్మవలెను. పదిమారులు త్రిప్పి త్రిప్పి యడుగరాదు. “ఎందుకు పోయితివి” అను మాట నోట రానీయరాదు. చెప్పి మంచిపని చేసితివని చెప్పి, తెలుపవలసినవారికి ఆ దినముననే తెలుపవలెను.

కంచె చేను మేయు సందర్భమును దాటిపోవుట నిజాయితీ కాదు. 2002లో అమెరికాలోని బోస్టను పత్రికవారు బయటపెట్టిన సంగతులు మొదలుకొని, అనేక దేశములలో గురువులు కొందఱు బిడ్డలకు చేసిన ద్రోహమును, దానిని కొందఱు మేత్రాణులు కప్పిపుచ్చిన విధమును లోకమంతయు వినియున్నది. 2019లో ఫ్రాన్సిసు పోపుగారు, ఇట్టి సంగతి తెలిసిన గురువులును కన్యస్త్రీలును తిరుసభాధికారులకు తెలిపితీరవలెననియు, ప్రతి మేత్రాసనమునను ఫిర్యాదులు వినుటకు ఏర్పాటుండవలెననియు శాసించిరి. 2023లో దానిని శాశ్వతము చేసిరి. దేశపు చట్టము విధించిన బాధ్యత దీనివలన తగ్గదు. మన బడిపిల్లలకు ఈ పాఠము చెప్పునప్పుడు గురువులను, కన్యస్త్రీలను, ఉపాధ్యాయులను మినహాయించి చెప్పినచో, ఆ పాఠము చెప్పకున్నను ఒక్కటే. 1846లో సావోయి దేశపు అన్నెసీ పట్టణపు గురువులు ఈ తీరమున దిగిరి. మఱుసటి యేటనే పాతనగరమున అర్చ్యశిష్ట అలోషియసు పాఠశాల నెలకొనెను. నాటినుండి నేటివఱకు హిందువులును మహమ్మదీయులును తమ బిడ్డలను మిషను బడుల చేతులలో పెట్టుచున్నారు. ఆ నమ్మకమునకు మనము చెల్లింపవలసిన యప్పు ఇది.

కావున జూను మాసమున బడి తెఱచిన మొదటి పక్షములోనే, ఒకటవ తరగతినుండి ఐదవ తరగతివఱకు ఈ బోధ జరుగవలెనని మా కోరిక. పాఠమునకు ముందు తలిదండ్రులను పిలిచి, బిడ్డలకు చెప్పబోవు ప్రతి మాటను వారికి వినిపింపవలెను. తమ బిడ్డ సంగతి తామే చెప్పుకొందుమను తల్లికి ఆ స్వేచ్ఛ యుండవలెను, చెప్పితిరా యని మాత్రము మరల నడుగవలెను. ఒంటరిగా బిడ్డతో మాటలాడు ప్రతి గది తలుపునకు అద్దపు పలక వేయింపవలెను. బిడ్డలను తెచ్చు ఆటోవారి పేర్లు బడిలో వ్రాసియుంచవలెను. తలిదండ్రుల సభను ఒకే దినమున రెండుమారులు, ఉదయమొకటి, సాయంకాలమొకటి జరుపవలెను. అప్పుడు రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి నిద్ర చాలించుకొని సాయంకాలమైన రాగలడు. ఇది తల్లుల పని యని తండ్రులు తప్పించుకొనుటకు అవకాశ ముండరాదు.